టికెట్ ఉచితం సరే, ఊరికి బస్సేది?

2023 డిసెంబర్ 9 నుంచి తెలంగాణలో ఆడవాళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ప్రయాణం ఉచితం. 2025 ఆగస్టు 15 నుంచి ఆంధ్రప్రదేశ్‌లోనూ ఆ సౌకర్యం వచ్చింది. ఈ పథకాన్ని మేము మొదటి నుంచీ సమర్థిస్తున్నాం. కూలికి పోయే ఆడమనిషికి రానూపోనూ ఛార్జీ మిగలడం చిన్న సంగతి కాదు. కానీ ఒక లెక్క చూడండి. కండక్టర్ జీరో టికెట్ కొడితేనే ఆ డబ్బు ప్రభుత్వం ఆర్టీసీకి కట్టాల్సి వస్తుంది. బస్సు రాని ఊళ్లో జీరో టికెట్ కొట్టేవాడే లేడు. అంటే ఆ ఊరి ఆడవాళ్ల పేరున ఖజానా నుంచి ఒక్క రూపాయి కూడా కదలదు. వాళ్లు ఎప్పటిలాగే ఆటోకు డబ్బులిచ్చి, డ్రైవర్ పక్కన సగం బయటికి కూర్చుని మండల కేంద్రానికి పోవాలి.

బస్సు ఎందుకు రాదని డిపోలో అడిగితే జవాబు ఒక్కటే: కలెక్షన్ లేదు. కిలోమీటరుకు ఇంత రాబడి రాకపోతే ట్రిప్పు రద్దు. ఆర్టీసీని పుట్టించిన 1950 నాటి రోడ్డు రవాణా సంస్థల చట్టంలో 22వ సెక్షన్ వ్యాపార సూత్రాల మీద నడవమని చెప్పిన మాట నిజమే. అదే చట్టంలో అంతకు ముందే 18వ సెక్షన్ ఉంది. చాలినంత, సమర్థమైన, చవకైన రవాణాను క్రమంగా ప్రజలకు సమకూర్చడం సంస్థ విధి అని అది చెబుతుంది. అధికారులకు 22 కంఠతా వచ్చు, 18 మాత్రం గుర్తుకు రాదు.

పైగా ఆ కలెక్షన్ ఎలా పడిపోయిందో మన ఊళ్లలో అందరికీ తెలుసు. ఒకప్పుడు నైట్‌హాల్ట్ బస్సు ఉండేది. రాత్రి వచ్చి పంచాయతీ ఆఫీసు ముందు ఆగేది, తెల్లవారుజామున బయల్దేరేది. టాప్ మీద వంకాయ గంపలు, టమాట బాక్సులు, లోపల పాలక్యాన్లు, పాస్ ఉన్న కాలేజీ పిల్లలు. మార్కెట్లో పాట మొదలయ్యే వేళకు సరుకు చేరేది. ముందు ఆ నైట్‌హాల్ట్ ఎత్తేశారు. పొద్దున మొదటి బస్సు తొమ్మిదిన్నరకు వస్తుందన్నారు. తొమ్మిదిన్నరకు మార్కెట్లో పాట అయిపోతుంది, కాలేజీలో మొదటి క్లాసు అయిపోతుంది. రైతు ట్రాలీ ఆటో మాట్లాడుకున్నాడు, పిల్లలు ఆటో ఎక్కారు. బస్సు ఖాళీగా తిరిగింది. ఇంకేముంది, జనం ఎక్కడం లేదని రాసి ఆ ట్రిప్పూ తీసేశారు. జనం బస్సును వదల్లేదు, బస్సే జనం వేళను వదిలేసింది.

నైట్‌హాల్ట్ మాకొద్దని డ్రైవర్లు, కండక్టర్లు అంటే అందులో న్యాయం ఉంది. దోమల్లో, బస్సు సీట్ల మీద పడుకుని తెల్లారి స్నానానికి చోటు లేకుండా ఎవరు చేస్తారు ఉద్యోగం? ఒక గది, ఫ్యాను, బాత్రూము ఇవ్వడం పంచాయతీకి పెద్ద ఖర్చు కాదు. ఇది ఊరు చేయాల్సిన పని, డిపో మీద నెట్టకూడదు.

రైతుకూ బస్సుకూ సంబంధం ఏమిటని అడిగేవాళ్లకు రైతుబజార్లను గుర్తు చేస్తున్నాం. 1999 జనవరి 26న అవి మొదలైనప్పుడు కూరగాయలు తెచ్చుకోవడానికి ఆర్టీసీ బస్సులు కూడా ఏర్పాటు చేశారు. దళారీ లేకుండా అమ్ముకోవాలంటే ముందు దళారీ వాహనం లేకుండా చేరుకోవాలన్న తెలివి ఆనాడు ఉంది. ఇప్పుడు రెండు గంపల బెండకాయలున్న రైతు ఆటో కిరాయి లెక్క చూసుకుని ఊళ్లోకి వచ్చిన వ్యాపారికే చెప్పిన ధరకు ఇచ్చేస్తున్నాడు.

ఇక ప్రాణాల సంగతి. 2018 జూన్ 24న యాదాద్రి భువనగిరి జిల్లా వేములకొండ దగ్గర కూలీల ట్రాక్టర్ మూసీ కాల్వలో పడి 15 మంది చనిపోయారు, దాదాపు అందరూ పొలం పనికి పోతున్న ఆడకూలీలు. అదే ఏడాది సెప్టెంబర్ 11న కొండగట్టు ఘాట్‌లో పల్లెల నుంచి జగిత్యాల పోతున్న ఆర్టీసీ బస్సు లోయలో పడింది. ఒక్క బస్సులో సుమారు 100 మంది. 60 మందికి పైగా చనిపోయారు. ట్రాక్టర్ ఎక్కినా బస్సు ఎక్కినా ఆ జనానికి అంతకంటే దారి లేకపోయింది. ప్రమాదం జరిగినప్పుడు డ్రైవర్ తప్పు, బ్రేకు తప్పు అంటారు. ఇంకో ట్రిప్పు ఉంటే ఇంతమంది ఒక్కదాంట్లో ఎందుకెక్కుతారు అన్న ప్రశ్న విచారణలో రాదు.

జిల్లాలు మారాయి, బస్సులు మారలేదు. తెలంగాణలో 2016 అక్టోబర్ 11న 10 జిల్లాలు 31 అయ్యాయి, తర్వాత 33. ఆంధ్రలో 2022 ఏప్రిల్ 4న 13 జిల్లాలు 26 అయ్యాయి. కలెక్టరేట్ దగ్గరైందని సభలు పెట్టి చెప్పారు. చాలా మండలాల నుంచి కొత్త జిల్లా కేంద్రానికి నేరుగా బస్సే లేదు. భూమి రికార్డు సరిచేయించుకోవడానికి పోయే రైతు పాత పట్టణానికి పోయి, అక్కడ ఇంకో బస్సు పట్టుకుని, ఆఫీసరు భోజనానికి లేచే వేళకు చేరుతున్నాడు.

మేము అడుగుతున్నది ప్రతి ఊరికీ పెద్ద బస్సు కాదు. ప్రధానమంత్రి సడక్ యోజన రోడ్డు చాలా చోట్ల 3.75 మీటర్ల వెడల్పే. దాని మీద పెద్ద బస్సు పోతుంటే ఎదురుగా వరిగడ్డి ట్రాక్టర్ వస్తే రెండూ ఆగాల్సిందే. మండల కేంద్రం నుంచి చుట్టూ ఉన్న ఊళ్లకు చిన్న బస్సులు కావాలి, మండల కేంద్రం నుంచి పట్టణానికి పెద్ద బస్సు వాటికి అందేలా రావాలి. చిన్న బస్సు అనగానే వజ్ర బస్సులు నష్టపోయాయని చెబుతారు. అవి హైదరాబాద్ కాలనీల నుంచి వరంగల్‌కు, నిజామాబాద్‌కు తిప్పిన ఏసీ బస్సులు. వాటికీ మా ఊరికీ పోలిక ఏమిటి?

పక్క రాష్ట్రాలు కొంత చేశాయి. తమిళనాడు 1997లోనే మినీ బస్సులు తెచ్చింది. కానీ పర్మిట్లు ప్రైవేటు వాళ్లవి, గిట్టని రూట్లో వాళ్లు నిలబడరు. 2025లో కొత్త పథకంగా మళ్లీ తేవాల్సి వచ్చింది. కేరళ 2022 జులైలో గ్రామవండి మొదలుపెట్టింది. రూటు, వేళలు స్థానిక సంస్థ చెబుతుంది, డీజిల్ ఖర్చు అదే పెట్టుకుంటుంది, బస్సు, సిబ్బంది ఆర్టీసీవి. వేళలు ఊరు చెప్పడమన్నది మాకు బాగా నచ్చింది. డీజిల్ మాత్రం మన పంచాయతీల వల్ల కాదు. చెత్త ట్రాక్టర్ డీజిల్ బిల్లులే రాక సర్పంచులు మొత్తుకుంటున్నారు. ఆ ఖర్చు ప్రభుత్వమే భరించాలి.

బస్సులు ఎక్కడివి అంటారా? మహిళా సమాఖ్యలు బస్సులు కొని ఆర్టీసీకి అద్దెకిచ్చే పద్ధతిని తెలంగాణలో 2025 మార్చి 8న మొదలుపెట్టారు. అందులో ఒక భాగం చిన్న బస్సులు కొనిపించి, బస్సు లేని ఊళ్లకే తిప్పాలని షరతు పెట్టవచ్చు. ఆటో నడిపే పిల్లలు మనవాళ్లే, సేద్యం గిట్టక ఆటో ఎక్కినవాళ్లే. బస్సు తిరగలేని తండాల నుంచి రోడ్డు మీది స్టాపు దాకా వాళ్లకు నెల కాంట్రాక్టు ఇస్తే వాళ్ల కడుపూ కొట్టినట్టు కాదు. కేంద్రం 2023లో 10,000 ఎలక్ట్రిక్ బస్సుల పథకం ప్రకటించింది, ప్రధానంగా 3 లక్షల జనాభా దాటిన నగరాలకు. పల్లెకు అలాంటిది ఒక్కటీ లేదు.

ఈ నెలలో ప్రతి గ్రామ కమిటీ ఒక కాగితం రాయాలి. మన ఊరి నుంచి కాలేజీకి పోయే పిల్లలెందరు, ఏ వేళకు పోతారు. కూరగాయలు, పాలు ఏ వేళకు ఎక్కడికి పోతాయి. వారానికి ఎందరు ఆస్పత్రికి పోతున్నారు, డయాలసిస్ వాళ్లున్నారా. పత్తి ఏరేటప్పుడు, మిరప కోసేటప్పుడు కూలీలు ఏ ఊరికి దేంట్లో పోతున్నారు. ఆటో ఛార్జీ ఎంత. పాత బస్సు వేళలు గుర్తున్న పెద్దవాళ్లను అడిగి అవి కూడా రాయండి. గ్రామసభలో తీర్మానం చేయించి, మండలంలోని అన్ని ఊళ్ల కాగితాలు కలిపి డిపో మేనేజర్‌కు ఇవ్వండి, ఒక నకలు కలెక్టర్‌కు ఇవ్వండి. రసీదు తీసుకోవడం మరవకండి.