వణికే బహాదూర్

మా చిన్నోడికి పదేళ్లు. మగ్రిబ్ దాటితే మేడ మీదికి ఒక్కడే వెళ్లడు. "అబ్బాజాన్, మీరూ రండి" అంటాడు. వాళ్ల దాదీ చెప్పిన జిన్ కహానీల అసర్ అది. అలాంటివాడు సెలవుల్లో ఖాలా ఇంటి నుంచి నిన్‌టెండో స్విచ్, దాంతోపాటు 'లుయీజీస్ మాన్షన్ 3' అనే దయ్యాల గేమ్ పట్టుకొచ్చాడు. ముందు గుస్సా వచ్చింది. తర్వాత పక్కన కూర్చున్నాను.

2019లో వచ్చిన గేమ్ ఇది. కహానీ సాదా. లుయీజీ తన అన్న మారియోతో, దోస్తులతో కలిసి దావత్ మీద ఒక హోటల్‌కు వెళ్తాడు. రాత్రికి అది దయ్యాల అడ్డా అని తేలుతుంది. కింగ్ బూ అనే దయ్యాల సర్దార్ అందరినీ తస్వీరుల్లో ఖైద్ చేస్తాడు. తప్పించుకున్న లుయీజీ టార్చి వెలుగుతో దయ్యాల కళ్లు చెదరగొట్టి, వీపున మోసే వాక్యూమ్ క్లీనర్‌తో పీల్చేస్తూ అంతస్తు తర్వాత అంతస్తు గాలిస్తాడు.

దీని అసలు ఖూబీ లుయీజీయే. పళ్లు టకటకలాడతాయి, కాళ్లు వణుకుతాయి. అయినా తలుపు తీస్తాడు. భయపడేవాడికి కూడా హిమ్మత్ ఉంటుందని నేను ఎన్నిసార్లు చెప్పినా మావాడికి ఎక్కలేదు. ఇక్కడ కళ్లారా చూశాడు. అంతస్తులూ ఒకదానిలా ఒకటి ఉండవు: ఒకచోట ఈజిప్టు ఇసుక, ఒకచోట సినిమా స్టూడియో, ఒకచోట తోట. ఇద్దరు కలిసి ఆడితే రెండోవాళ్లు గూయీజీ, అంటే ఆకుపచ్చ జిగురు మనిషి. జైలు ఊచల్లోంచి జారిపోతాడు, నీళ్లు తగిలితే కరిగిపోతాడు. అది నా పాత్ర. ఎన్నిసార్లు కరిగానో లెక్కలేదు, మావాడి నవ్వు ఆగలేదు.

ఇన్సాఫ్‌గా ఖామీలూ చెప్పాలి. గూయీజీ మొదట్లో దొరకడు, రెండోవాళ్లు సబర్ చేయాలి. ఒక దయ్యం పిల్లి రెండుసార్లు లిఫ్ట్ బటన్ ఎత్తుకుపోతుంది. దాని వెనక పాత అంతస్తులు మళ్లీ తిరగడం ఫిజూల్. గది గదికీ దౌలత్ కురుస్తుంది, కొనడానికి మాత్రం పెద్దగా ఏమీ లేదు. నేలమాళిగలో నీళ్ల మీద ట్యూబులో తేలుతూ నడిపే ఘట్టమైతే చేతులకు నొప్పి, దిమాగ్‌కు చిరాకు. పైగా కొనాలంటే మనలాంటి మధ్యతరగతి ఘరానాలకు బోఝే. దొరికితే అడిగి తెచ్చుకుని ఆడండి.

"పిల్లలకు దయ్యాల ఆటలెందుకు?" అని బుజుర్గులు అడుగుతారు. అన్నం తినకపోతే జిన్ వస్తుందని ముద్ద ముద్దకీ ఖౌఫ్ కలిపి పెట్టింది మనమే కదా? ఈ ఆటలోని దయ్యాలు కార్టూన్లు, వాటిని చూసి పిల్లలు నవ్వుతారు. మనం పెట్టిన భయానికి మాత్రం నవ్వు రాదు. అయితే మరీ చిన్నవాళ్లను ఒంటరిగా ఆడనివ్వకండి. పక్కన కూర్చోండి.

నిన్న మావాడు మేడ మీదికి వెళ్లాడు. "కింద నిలబడండి అబ్బాజాన్" అన్నాడు. మెట్లు మాత్రం ఒక్కడే ఎక్కాడు.