కెరె, చెరువు, కొక్కెర

కొల్లేరు ఎక్కడుందని అడిగితే మన తెలుగు మాధ్యమం పిల్లలు ఠక్కున చెబుతారు. అంకసముద్రం ఎక్కడంటే మాత్రం ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు. సంగనకల్లు నుంచి తెల్లవారుజామున బస్సులో బయల్దేరితే హోస్పేట మీదుగా హగరిబొమ్మనహళ్లి తాలూకాలోని ఆ పక్షుల చెరువు చూసి రాత్రికి ఇల్లు చేరవచ్చు. మొన్నమొన్నటి దాకా అది మన జిల్లాదే. 2021లో విజయనగర జిల్లాకు వెళ్లింది. పక్షులకు ఆ సంగతి తెలియదు.

అది దేవుడు తవ్విన సరస్సు కాదు, పొలాలకు నీళ్ల కోసం మనుషులు కట్టుకున్న చెరువు. విస్తీర్ణం వంద హెక్టార్లకు కాస్త తక్కువ. అయినా 2024లో రామ్‌సర్ జాబితాకెక్కి కొల్లేటి సరసన నిలిచింది. నీళ్లలో నిలిచిన తుమ్మ చెట్ల మీద ఎర్రకాళ్ల కొంగలు, తెల్ల కంకణాలు గుంపులుగా చేరతాయి. ముళ్ల చెట్టని మనం తిట్టుకునే తుమ్మే వాటికి ఇల్లు. చుట్టూ నీళ్లుంటే కుక్కా పిల్లీ గూడు దాకా రాలేవు.

మన పాఠశాలలే ముందుగా అక్కడికి వెళ్లాలని మేము అనడానికి మరో కారణముంది. ఎర్రకాళ్ల కొంగను కన్నడంలో 'బణ్ణద కొక్కరె' అంటారు. ఆ కొక్కరె మన కొక్కెరే. వాళ్ల కెరె మన చెరువు, వాళ్ల కివి మన చెవి. కన్నడంలో నిలిచిన 'క' తెలుగులో 'చ' అయింది. వ్యాకరణ పుస్తకంలో ఇది ఎక్కని పిల్లవాడికి గట్టు మీద నిలబడి చెప్పి చూడండి. తెలుగులో చదివిస్తే కన్నడం రాదేమో, కన్నడం వస్తే తెలుగు పోతుందేమో అని సతమతమయ్యే తల్లిదండ్రులు కూడా ఒకసారి పిల్లలతో వెళ్లాలి.

పరీక్షల ముందు తిరుగుళ్లేమిటని కొందరు అడుగుతారు. అందుకే పరీక్షల హడావిడి మొదలుకాకముందే, చలికాలంలో వెళ్లండి. డబ్బు సంగతంటారా, వాటర్ పార్కుకు వసూలు చేసేంత దీనికి అక్కర్లేదు. పాటల పెట్టె బస్సులోనే ఉంచండి. గూళ్ల దగ్గరికి పోనివ్వకండి. పదిమందికొక దుర్భిణి చాలు. సద్ది మూటల కాగితాలు తిరిగి తెచ్చుకోండి. ప్రతి పిల్లా చూసిన పక్షి బొమ్మ వేసి, కింద రెండు లిపుల్లో పేరు రాయాలి. పేరు తెలియకపోతే గట్టు మీది రైతును అడగాలి, కన్నడంలోనే.