పళ్ళు పులిశాయంటే...

ఆదోనిలో ఎండాకాలం ఎలా ఉంటుందో కొత్తగా చెప్పక్కర్లేదు. పత్తి మిల్లుల్లో పనిచేసి వచ్చే అక్కకీ, ఎమ్మిగనూరులో మగ్గం పక్కన కూర్చుని కండెలు చుట్టే అమ్మకీ మధ్యాహ్నం అయ్యేసరికి నోరు ఎండిపోతుంది. బజారుకు వెళ్తే నిమ్మకాయ సోడా, పిల్లలు మారాం చేస్తే కూల్‌డ్రింకు. "ఏముందిలే అక్కా, సోడానే కదా!" అనుకుంటాం.

పచ్చి చింతకాయ కొరికితే "పళ్ళు పులిశాయి" అనడం మన చిన్ననాటి నుంచీ ఉన్న మాటే. ఆ మాటలో పెద్ద శాస్త్రమే దాగి ఉంది. పంటిపైన ఉండే పింగాణీ పొర మన శరీరంలోకెల్లా గట్టి పదార్థం. అయినా పులుపు ముందు అది మెత్తబడుతుంది. పులుపుని పి.హెచ్. అనే కొలతతో చెబుతారు. 7 అంటే తటస్థం, అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ. సుమారు 5.5 కంటే దిగితే ఆ పొర కరగడం మొదలవుతుంది. నిమ్మరసం 2కీ 3కీ మధ్య, కోలా పానీయాలు 2.5 దరిదాపుల్లో ఉంటాయి. ఉత్త సోడాతో అంత ప్రమాదం లేదు. అందులో పిండే నిమ్మకాయతోనే వస్తుంది చిక్కు. పంచదార ఎంత కలిపినా పులుపు నాలుకకు తెలియదంతే, పంటికి తెలుస్తుంది.

ఎముక విరిగితే అతుక్కుంటుంది. పింగాణీ పొరలో జీవకణాలు ఉండవు కనుక పోయింది మళ్ళీ పెరగదు. కాస్త మెత్తబడిన చోట లాలాజలంలోని కాల్షియం, ఫాస్ఫేటు చేరి సర్దుతాయి. దానికి వ్యవధి కావాలి. ఒకే గ్లాసు గంటసేపు చప్పరిస్తూ కూర్చుంటే ఆ వ్యవధి దొరకదు. పులుపు తాగిన వెంటనే బ్రష్షు పట్టుకున్నా, ఇటుకపొడి, బొగ్గుపొడితో రుద్దినా మెత్తబడిన పొర లేచిపోతుంది.

మందుబిళ్ళల సంగతీ ఇంతే. కరోనా రోజుల్లో, 2020, 21లలో, సి విటమిన్ బిళ్ళలు ఇంటింటా చప్పరించారు. అదీ ఆమ్లమే. గర్భిణులకు ఐరన్ మాత్ర ఒంటికి పట్టాలని నిమ్మరసం తీసుకోమంటారు. అది మానక్కర్లేదు, అన్నంతో పాటు తీసుకుని నోరు పుక్కిలిస్తే చాలు. వేవిళ్ళప్పుడు వాంతితో వచ్చే కడుపులోని ఆమ్లం ఇంకా ఘాటైనది. అప్పుడు కూడా వెంటనే బ్రష్ చేయకండి. గ్లాసు నీళ్ళలో చిటికెడు తినేసోడా వేసి పుక్కిలించండి.

సీసా మీద రాసిన మాటల్ని నమ్మి మోసపోవడం కూడా మామూలైంది. విరేచనాలైన బిడ్డకు ఓఆర్ఎస్ అనుకుని తీపి పానీయాలు పట్టిన తల్లులెందరో! హైదరాబాద్ పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ళ తరబడి దీనిపై పోరాడారు. చివరికి 2025 అక్టోబరులో, ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రానికి సరిపోని పానీయాలపై ఆ పేరు వాడకూడదని ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ ఆదేశించింది. ఒక మహిళ పట్టుదల లేబుల్‌ని మార్చగలిగింది. మనం కనీసం ఆ లేబుల్ చదవలేమా?

ఖర్చుపెట్టి చేసే ఉపాయాలేమీ అక్కర్లేదు. దాహానికి ముందు మంచినీళ్ళు, ఆపైన మజ్జిగ. మజ్జిగ పుల్లనిదే అయినా అందులోని కాల్షియం పంటికి అండగా ఉంటుంది. నిమ్మరసం తాగాలనిపిస్తే భోజనంతో తాగండి, నోట్లో నిలపకుండా మింగండి, నీళ్ళతో పుక్కిలించండి. బ్రష్షుకి కనీసం అరగంట ఆగండి. పాలసీసాలో పళ్ళరసం పోసి బిడ్డను నిద్రపుచ్చకండి.

చల్లనీళ్ళు తగిలితే పళ్ళు జివ్వుమంటున్నాయా? ముందుపళ్ళ అంచులు పలచబడి, రంగు పసుపుబారుతోందా? అదే తొలి హెచ్చరిక. ఇంట్లో అందరి మందులూ గుర్తుంటాయి మనకి. మన పంటినొప్పి మాత్రం లవంగంతో సరిపెట్టి "పండగయ్యాక చూద్దాం" అంటాం. పండగలు మళ్ళీ మళ్ళీ వస్తాయి. పోయిన పింగాణీ పొర మాత్రం రాదు. ఈసారి పిల్లల్ని దంతవైద్యుడి దగ్గరికి తీసుకెళ్ళినప్పుడు, మీరూ ఒకసారి నోరు తెరిచి చూపించుకోండి.