బొమ్మలో ఉన్నది ఊరా, మేడా?

మా కేసముద్రం పేరులో సముద్రమున్నది గాని ఊరికి నది లేదు. నీళ్ళంటే మాకు చెరువే. అందుకేనేమో, నదీతీర నగరాల పాత చిత్రాలు కనబడితే మైమరచిపోయే బలహీనత నాకున్నది. ఈ రాత ఆ మైమరపు మీద ఫిర్యాదు.

కెప్టెన్ రాబర్ట్ మెల్విల్ గ్రిండ్లే 1826-30 నడుమ లండనులో 36 రంగుల ముద్రాచిత్రాల గ్రంథం వెలువరించాడు. అందులో మన హైదరాబాదు ఒకటి. 1813 నాటి దృశ్యం. రాగిరేకును ఆమ్లంతో తినిపించి, నీటిరంగుల ఛాయలు పలికేట్టు అచ్చుతీసే ఆక్వాటింట్ పద్ధతి. పనితనానికి వంక పెట్టలేము. కాని ఆ బొమ్మ పేరు చూడండి: మూసీ కాదు, నగరమూ కాదు, బ్రిటిష్ రెసిడెన్సీ! 1798 సంధితో నిజాము కంపెనీ పట్టులోకి వెళ్ళిన తరువాత, కిర్క్‌పాట్రిక్ మూసీ ఉత్తరపు గట్టున కట్టించిన మేడ అది. తరువాతి కాలంలో కోఠీ మహిళా కళాశాలకు నెలవైనది కూడా అదే.

గ్రిండ్లే కేవలం చిత్రకారుడు కాడు. గ్రంథం ఇంకా వెలువడుతుండగానే, 1828లో, ఇండియాకు వచ్చిపోయే దొరల ప్రయాణాలూ సామానులూ చూసే ఏజెన్సీ పెట్టాడు. అదే పిమ్మట గ్రిండ్లేస్ బ్యాంకైంది. ఆయన బొమ్మలు ఎవరి గోడల కోసమో వేరే చెప్పాలా? దొర తాను ఏలిన చోటును అందంగా గుర్తుంచుకోవాలి. చాకిరేవు, తోళ్ళ పని, గట్టున బతికే జనం ఆ జ్ఞాపకానికి అనవసరం.

ఇటువంటి చిత్రాలను సాక్ష్యంగా నిలబెట్టి "ఆనాటి మూసీ ఎంత అందం! ఈ గుడిసెలే పాడుచేశాయి" అనేవారితోనే నా తగవు. 2024లో చాదర్‌ఘాట్ వైపు నదిలోని ఇండ్లకు గుర్తులు వేసి కూల్చినప్పుడు ఈ మాటే వినబడింది. ఆ ఇండ్లకు రెసిడెన్సీ ఎంతో దూరం కాదు.

నదీగర్భంలో నివాసం క్షేమమని నేననను. 1908 సెప్టెంబరు వరద ఆ భ్రమ ఎవరికీ మిగల్చలేదు. కాని ఆ వరద తరువాతనే ఎగువన 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ నీటిని ఆపాయి. దిగువకు నగరం మురుగు వదిలింది. అది గుడిసెవాసి ఒక్కడి మురుగా? మేడలదీ, కర్మాగారాలదీ కాదా? ఇల్లు కూల్చినంత మాత్రాన 1813 నాటి నీళ్ళు రావు. పునరావాసం గురించి, మురుగుశుద్ధి గురించి వాదించండి, వింటాను. బొమ్మ చూపించి మనిషిని లేవగొట్టకండి.

మిత్రులకు ఒక్కటే మనవి. పాత చిత్రం కింద "ఆ రోజులే వేరు" అని రాసేముందు, ఎవరు గీశారు, ఎవరు కొన్నారు, ఎవరిని గీయకుండా వదిలారు అని అడగండి. మా చెరువు బొమ్మను ఏ కెప్టెనూ లండనులో అచ్చువేయలేదు. అయినా దాని కింద తరతరాలుగా వరి పండింది.