ఆ బ్రోకరు ఎవరి మనిషి?

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు. అప్పుల్లో ఇల్లు అమ్మి చూడమని ఎవరూ అనలేదు. మా తిరుపతిలో బ్యాంకు నోటీసు వచ్చిన ఇంటికి చుట్టాలకన్నా ముందు బ్రోకరు వస్తాడు. "మీ మంచికే అక్కా, ఇప్పుడే అమ్మేయండి" అంటాడు. కొనేవాడి తరఫున వచ్చానని మాత్రం చెప్పడు.

2016 రెరా చట్టం, అందులో నమోదైన ప్రాజెక్టుల్లో ప్లాట్లు, ఫ్లాట్లు అమ్మించే ఏజెంట్లకే రిజిస్ట్రేషన్ తప్పనిసరి చేసింది. మన పాత ఇంటి బేరానికి అది వర్తించదు. కష్టంలో ఉన్నవాళ్ళకే కదా కాపలా కావాల్సింది! ఎవరి మనిషో, ఎవరి దగ్గర ఎంత కమీషనో రాసిచ్చాకే గడప తొక్కాలని చట్టం రావాలి.

అంతవరకూ ఒక్క మాట గుర్తుంచుకోండి. సర్ఫేసీ నోటీసు వచ్చాక బాకీ కట్టడానికి 60 రోజుల గడువుంటుంది. నలుగురి దగ్గర ధర కనుక్కోకుండా సంతకం పెట్టకండి.