పెళ్లి విందుకు ఆర్ట్ డైరెక్టరు ఎవరు?

రిసెప్షన్ అంటే ఈ రోజుల్లో సినిమా సెట్టింగే అనుకోండి! మార్కాపురం, గిద్దలూరు, కంభం... ఏ కల్యాణ మండపానికి వెళ్లినా వేదిక మీద కళ్లు జిగేల్‌మనే లైట్లు, వెనకాల పూలగోడ, నెత్తిమీద డ్రోన్ కెమెరా. బాగానే ఉంది. ఓసారి భోజనాల హాల్లోకి తొంగి చూడండి. ఊగే బల్ల, దాని మీద చిరిగిన కాగితం, ప్లేటు చేత్తో పట్టుకుని నిలబడి అన్నం కలుపుకోలేక అవస్థపడే తాతగారు! హీరోకి మేకప్పు వేసి కథ మరిచిపోయిన సినిమాలా లేదూ?

ఈ విషయంలో మనకి పాఠం చెప్పేది 1957 నాటి "మాయాబజార్". కె.వి.రెడ్డి గారి దర్శకత్వం, గోఖలే-కళాధర్‌ల కళ, మార్కస్ బార్ట్‌లీ కెమెరా. ఎస్.వి.రంగారావు గారి నోట్లోకి లడ్డూలు వాటంతటవే ఎగిరిపడుతుంటే ఈనాటికీ చప్పట్లే! ఆ సీన్లో మన కళ్లు ఎక్కడ నిలుస్తాయి? వంటకాల మీద. బల్లకి అసలైన అలంకారం తినే పదార్థమే అన్న మాట.

మన పడమటి ప్రకాశానికి సొంత సరుకు లేకపోలేదు. మార్కాపురం పలక ఉందిగా! దాని మీద సుద్దముక్కతో వంటకాల పేర్లు రాసి బల్లకొకటి నిలబెట్టండి. 1970లో కొత్త జిల్లా ఏర్పడక ముందు మార్కాపురం, గిద్దలూరు కర్నూలు జిల్లాలోవే. అందుకని ఒకరు బొబ్బట్టు అంటారు, ఇంకొకరు ఓళిగ అంటారు. పలక మీద రెండు పేర్లూ రాస్తే వియ్యాలవారి మధ్య పేచీ ఉండదు! పూలు ఇత్తడి చెంబులో పొట్టిగా ఉండాలి. పొడుగు గుత్తులు పెడితే ఎదుటివాళ్ల మొహం కనపడదు, వడ్డించేవాడి చెయ్యీ ఆడదు. థర్మోకోల్ అలంకారాలు, ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులు 2022 జులై 1 నుంచి దేశమంతటా నిషేధం. అరిటాకో, మోదుగాకు విస్తరో ఉండగా వాటితో మనకేం పని?

ఇక లెక్క. మనిషికి 2 అడుగుల చోటు. 6 అడుగుల బల్లకి ఒకవైపు ముగ్గురు. ఎదుటివైపు వడ్డనకి వదలాలి. బంతికి 100 మందంటే 34 బల్లలు. 500 మందికి 5 బంతులు. బంతికి అరగంట, మధ్యలో తుడిచి ఆకులు వేయడానికి పది నిమిషాలు... రాత్రి 7కి మొదలెడితే చివరి బంతి లేచేసరికి 10 దాటుతుంది. ఆ చివరి బంతిలో ఎవరుంటారో తెలుసా? సన్నాయి వాయించినవాళ్లు, కార్ల డ్రైవర్లు, రాత్రంతా ఫొటోలు తీసినవాళ్లు. వాళ్ల ఆకులో చారు తప్ప ఏమీ పడకపోతే పెళ్లివారి పరువు అక్కడే పోయినట్టు! వాళ్ల వాటా ముందే తీసి మూత పెట్టించండి.

అసలు సంగతి నీళ్లు. ఫ్లోరైడు బాధా, ట్యాంకరు కోసం ఎదురుచూపులూ తెలిసిన గడ్డ మనది. అలాంటి చోట నాలుగు గుక్కలు తాగి వదిలేసిన సీసాలు బల్లల కింద దొర్లుతుంటే చూడబుద్ధవుతుందా? జగ్గుతో అడిగి అడిగి పొయ్యమనండి. కూరలూ అంతే, కొసరి కొసరి వడ్డించాలి గాని కుమ్మరించకూడదు. ఘటోత్కచుడు విందంతా ఒక్కడే లాగించినా మెతుకు పారెయ్యలేదు మరి!

చదువుతున్న కుర్రకారుకి చివరిగా ఒక్క మాట. పొరుగువాళ్ల రిసెప్షన్ వీడియో ఫోన్లో చూసి "నాకూ అలాగే కావాలి నాన్నా!" అనే ముందు, మీ ఇంట్లో ఎండిన బోరెన్నో, బ్యాంకులో బాకీ ఎంతో కనుక్కోండి. పూలగోడ తెల్లారేసరికి వాడిపోతుంది, వడ్డీ వాడిపోదు. మీ పెళ్లికి హీరో హీరోయిన్లు మీరే, కావాలంటే డైరెక్షనూ మీదే. కాని ప్రొడ్యూసరు మాత్రం నాన్నగారు! ఆయన్ని నష్టాల్లో ముంచిన సినిమా హిట్టెలా అవుతుంది?