ఆకుపచ్చ జెర్సీ - వఫాదారీ ఇమ్తెహాన్

మాకు సుద్దులు చెప్పేవాళ్లకి మండేలా బాగా అక్కరకొస్తున్నాడు. 1995 జూన్ 24న జొహానెస్‌బర్గ్‌లో రగ్బీ ప్రపంచ కప్ ఫైనల్. దక్షిణాఫ్రికా జట్టు ఆకుపచ్చ జెర్సీ, అదీ తెల్ల కెప్టెన్ పినార్ వేసుకునే 6వ నంబరుది, తొడుక్కుని మండేలా మైదానంలోకి వచ్చాడు. ‘ఇరవయ్యేడేళ్లు జైల్లో మగ్గినవాడే గతం మరిచాడు, మీరు ప్రధాన స్రవంతిలో కలవరేం?’ అని మమ్మల్ని నిలదీస్తారు.

ఆ జెర్సీ కథ మొదట్నుంచీ చెప్పమంటాం మేం. దాని మీద దూకే జింక పేరు స్ప్రింగ్‌బాక్. 1906 బ్రిటన్ పర్యటన నుంచీ అదే జట్టు గుర్తు. దశాబ్దాల పాటు అది తెల్లతోలు సొత్తు. తెల్లవాడు కాని ఒక మనిషి, ఎరోల్ టోబయాస్, టెస్టులో ఆ జెర్సీ తొడగడానికి 1981 దాకా పట్టింది. అందుకే ఎందరో నల్లవాళ్లు తమ దేశం మీదికి ఆడవచ్చిన జట్టుకే చప్పట్లు కొట్టారు. వాళ్లు గద్దార్లా? తమని గెంటేసిన ముద్రకి సలాం కొట్టనివాడు గద్దార్ ఎట్లా అవుతాడు?

మండేలా ఆ జెర్సీ తొడిగింది 1994లో నల్లవాళ్లు ఓటేసి గెలిచాక, దేశాధ్యక్షుడిగా. జింకని తీసేయమన్న తనవాళ్లకి నచ్చజెప్పి మరీ తొడిగాడు. అది ఇచ్చే చేతి ఔదార్యం. జెర్సీ కూడా మారాల్సి వచ్చింది. జింకకి తోడు జాతీయ పుష్పం ప్రోటియా చేరింది. 2008లో ప్రోటియాకి ఎడమ పక్క, జింకకి కుడి పక్క అని తేల్చారు. 1995 ఫైనల్ ఆడిన జట్టులో తెల్లవాడు కానివాడు చెస్టర్ విలియమ్స్ ఒక్కడే. 2019లో కప్పు ఎత్తిన కెప్టెన్ సియా కొలిసి నల్లవాడు. అతని నంబరూ 6.

ఇక్కడ వరస తలకిందులు. మా హైదరాబాదీ అజహరుద్దీన్ 47 టెస్టుల్లో దేశానికి కెప్టెన్. అయినా పాకిస్తాన్‌తో మ్యాచ్ అంటే మా మొహల్లాల్లో టపాకాయల మీద నిఘా. 2021 అక్టోబరులో దుబాయ్‌లో పాకిస్తాన్ చేతిలో ఓడిన రోజు షమీ ఒంటి మీద దేశం జెర్సీయే ఉంది. అయినా గద్దార్ అన్నారు. మండేలా ఆకుపచ్చ చొక్కాకి మురిసిపోయే కళ్లకే, మా దర్గా మీది పచ్చజెండాలో పాకిస్తాన్ కనబడుతుంది!

అక్కడ ఇమ్తెహాన్ పెట్టింది జెర్సీకి. ఇక్కడ మాకు. మండేలాని మా ముందు నిలబెట్టేవాళ్లు ముందు ఈ తేడాకి జవాబు చెప్పాలి. మా వఫాదారీకి సబూత్ అడిగే ముందు మీ జట్టులో, మీ ఆఫీసులో, మీరు అద్దెకిచ్చే ఇళ్లలో మా వాటా ఎంతో లెక్క చూపండి.